38 గోల్స్ ఎక్కడ పడ్డాయి: 2018-19 సీజన్‌కు ముందు లివర్‌పూల్ డిఫెన్స్‌పై ఒక కేస్ స్టడీ

ఫుట్‌బాల్ జట్ల ఆటను వీడియోల్లోను, అంకెల్లోను పరిశీలించి, కొత్త సీజన్ మొదలయ్యే ముందు డిఫెన్స్ ఏ స్థితిలో ఉందో నివేదిక రాయడం నా వృత్తి. క్లబ్బులకు రాసిన నివేదికలు వారి సొత్తు కనుక వాటిని బయటపెట్టే వీలు లేదు. అందుకని ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవారితో మొట్టమొదట చేయించే కేసునే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇందులోని అంకెలన్నీ మ్యాచ్ ఫలితాల నుంచి ఎవరైనా లెక్కగట్టుకోగలిగినవే.

కేసు తేదీ 2018 ఆగస్టు 9. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ట్రాన్స్‌ఫర్ విండో మూసిన రోజు అది. కొనవలసిన వారిని కొనడం అయిపోయింది, ఇక చేతిలో ఉన్న ఆటగాళ్లతోనే సీజన్ మొదలుపెట్టాలి. మూడు రోజుల్లో లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో వెస్ట్ హామ్‌తో తొలి మ్యాచ్. ఆ రోజు తర్వాత జరిగినదేదీ తెలియనట్టుగా నివేదిక రాయాలన్నది ఈ అభ్యాసానికి నేను పెట్టిన నియమం. తర్వాత ఏమైందన్నది చివర్లో చూద్దాం.

2017-18 ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ 38 మ్యాచ్‌లలో 38 గోల్స్ సమర్పించుకుని, 75 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. అదే సీజన్‌లో ఛాంపియన్ మాంచెస్టర్ సిటీ 27, రెండో స్థానంలోని మాంచెస్టర్ యునైటెడ్ 28, మూడో స్థానంలోని టోటెన్‌హామ్ 36 సమర్పించుకున్నాయి. ఈ వరుసను చూసిన వారెవరికైనా వెంటనే తట్టే మాట, లివర్‌పూల్ డిఫెన్స్ మ్యాచ్‌కు ఒక గోల్ ఇచ్చే డిఫెన్స్ అని. కొత్తగా చేరినవారు కూడా తమ మొదటి పేజీలో సాధారణంగా ఇదే రాస్తారు. ఆ వాక్యాన్ని కొట్టేయించడంతోనే అసలు పని మొదలవుతుంది.

మ్యాచ్‌లను గోల్స్ సంఖ్యను బట్టి విడదీస్తే వేరే చిత్రం కనబడుతుంది. 17 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 12 మ్యాచ్‌లలో ఒక్కొక్కటి, 4 మ్యాచ్‌లలో రెండేసి ఇచ్చారు. మిగిలిన ఐదు మ్యాచ్‌లలోనే 18 గోల్స్ పడ్డాయి: వాట్‌ఫోర్డ్‌లో 3, మాంచెస్టర్ సిటీ మైదానంలో 5, టోటెన్‌హామ్ అప్పట్లో సొంత మైదానంగా వాడుకున్న వెంబ్లీలో 4, ఆర్సెనల్ మైదానంలో 3, మళ్లీ సిటీ ఆన్‌ఫీల్డ్‌కు వచ్చినప్పుడు 3. అంటే 33 మ్యాచ్‌లలో 20 గోల్స్, ఐదింటిలో 18. ఇలాంటి డిఫెన్స్‌కు మ్యాచ్‌కు ఒకటి అనే సగటు అన్వయించదు. దాదాపు ఏడాదంతా గట్టిగా నిలిచి, కొన్ని రోజుల్లో మాత్రం గోడ కూలినట్టు కూలే జట్టు ఇది. గోడంతా పెచ్చులూడుతుంటే చేసే మరమ్మతు వేరు, ఒక మూల మాత్రమే కూలుతుంటే చేసే మరమ్మతు వేరు.

రెండో విభజన సొంత మైదానం, పరాయి మైదానం. ఆన్‌ఫీల్డ్‌లో 19 మ్యాచ్‌లలో ఇచ్చినవి 10 మాత్రమే, బయట 28. ఇంత తేడాకు ప్రయాణ బడలికో, ప్రేక్షకుల హోరో కారణమనుకోవడం సులువు. కానీ ఆ 28లోనూ సగానికి పైగా, అంటే 15, సిటీ, టోటెన్‌హామ్, ఆర్సెనల్, యునైటెడ్, చెల్సీ మైదానాల్లో ఆడిన ఐదు మ్యాచ్‌లలోనే పడ్డాయి. తక్కిన 14 బయటి మ్యాచ్‌లలో 13. ఆ ఐదు జట్లతో ఇంటా బయటా ఆడిన పది మ్యాచ్‌లను కలిపితే 21 గోల్స్, మిగతా 28 మ్యాచ్‌లలో 17. చిన్న, మధ్యస్థాయి జట్లపై ఇది లీగ్‌లోని మంచి డిఫెన్సుల్లో ఒకటిగానే ఆడింది. పెద్ద జట్ల మైదానాల్లోనే అది తట్టుకోలేకపోయింది.

ఎందుకు తట్టుకోలేకపోయిందన్న ప్రశ్నకు అంకెలు జవాబివ్వవు, వీడియో చూడవలసిందే. అప్పటి కోచ్ యుర్గెన్ క్లాప్ జట్టు డిఫెన్స్ వెనుక నలుగురితో మొదలు కాదు, ముందు ముగ్గురితో మొదలవుతుంది. బంతి పోయిన మరుక్షణమే దాన్ని తిరిగి లాక్కోవడానికి మీదపడతారు. ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, అంటే రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు, ప్రత్యర్థి సగంలోకి చొచ్చుకుపోయి ఉంటారు. మీదపడిన మొదటి వరుస విజయవంతమైతే వెనుకవారికి పనే ఉండదు. ఆ వరుసను ఒక్క పాస్‌తో దాటగలిగితే మాత్రం మిగిలేది మధ్యలో నిలిచే ఇద్దరు డిఫెండర్లు (సెంటర్ బ్యాక్‌లు), వారి వెనుక సగం మైదానం, ఎదురుగా పరుగెత్తుకొస్తున్న ముగ్గురు నలుగురు. ఆన్‌ఫీల్డ్‌కు వచ్చే జట్లలో చాలావరకు లోపలికి ముడుచుకుని కూర్చుంటాయి కాబట్టి ఆ ఒక్క పాస్ వేసే సందర్భమే తక్కువ. సిటీ, టోటెన్‌హామ్ వంటి జట్ల దగ్గర ఆ పాస్ వేయగల మిడ్‌ఫీల్డర్లు ఉన్నారు, దాన్ని అందుకుని పరుగెత్తగలవారూ ఉన్నారు.

2017 అక్టోబర్ 22న వెంబ్లీలో ఓడిన 4-1 మ్యాచ్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. పన్నెండో నిమిషానికే రెండు గోల్స్ పడ్డాయి. రెండూ డిఫెన్స్ లైన్ వెనుక ఖాళీ జాగాలోకి వెళ్లిన బంతులతో వచ్చినవే. 31వ నిమిషంలో సెంటర్ బ్యాక్ డెయాన్ లోవ్రెన్‌ను క్లాప్ బయటకు పిలిచేశాడు. మరునాటి చర్చంతా లోవ్రెన్ తప్పుల చుట్టూ తిరిగింది. ఆయన తప్పులు లేవని నేను అనను. ఆ రెండు బంతులూ అంత తేలిగ్గా ఎలా వచ్చాయని అడిగితే మాత్రం వేలు మిడ్‌ఫీల్డ్ వైపు చూపించాలి. ఇది నేను కష్టపడి నేర్చుకున్న విషయం. వృత్తిలో తొలినాళ్లలో ఒక క్లబ్బుకు, గోల్స్ మొత్తం చూసి, సెంటర్ బ్యాక్‌ను మార్చమని గట్టిగా రాశాను. మార్చారు. గోల్స్ అదే తీరులో పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే బంతి పోతున్నది ఆయన ముందు ఇరవై గజాల దూరంలో.

ఎర్ర కార్డు విషయమూ విడిగా చూడాలి. 2017 సెప్టెంబర్ 9న సిటీ మైదానంలో ఓడిన 5-0 మ్యాచ్‌లో 37వ నిమిషంలో సాదియో మానే బయటకు వెళ్లేసరికి స్కోరు 1-0. మిగిలిన నాలుగు గోల్స్ పది మందితో ఆడుతుండగా పడ్డవి. ఆ నాలుగింటినీ డిఫెన్స్ ఖాతాలో మామూలు గోల్స్‌తో సమానంగా రాయడం న్యాయం కాదు, అలాగని పూర్తిగా కొట్టేయడమూ న్యాయం కాదు. నా పద్ధతిలో అవి వేరే వరుసలో ఉంటాయి, తీర్పు చెప్పేటప్పుడు వాటికి సగం బరువే ఇస్తాను.

ఇక మరో లక్షణం, గోల్స్ గుంపుగా పడటం. డిసెంబర్ 22న ఆర్సెనల్‌పై 2-0తో ముందున్న జట్టు 53వ నిమిషం నుంచి 58వ నిమిషం లోపల మూడు గోల్స్ ఇచ్చింది. జనవరి 14న సిటీపై 4-1తో ఉండి, 84వ నిమిషం నుంచి రెండు ఇచ్చి 4-3తో గట్టెక్కింది. ఛాంపియన్స్ లీగ్‌లో సెవియా మీద విరామానికి 3-0తో ఉన్న మ్యాచ్ 3-3గా ముగిసింది. ఏప్రిల్‌లో వెస్ట్ బ్రామ్‌పై 2-0 ఆధిక్యం చివరి పావుగంటలో కరిగిపోయింది. ఒక గోల్ పడిన తర్వాత వచ్చే ఐదారు నిమిషాల్లో బంతిని దగ్గర పెట్టుకుని ఆట వేగాన్ని తగ్గించగల మనిషి మైదానంలో లేకపోవడం వీటిలో ఉమ్మడిగా కనిపిస్తుంది. ఇది సాంకేతిక లోపం కంటే స్వభావ లోపం అని నా అభిప్రాయం. ఎప్పుడూ ముందుకే పరుగెత్తే జట్టుకు నిలబడటం చేతకాదు.

సెట్ పీస్‌ల గురించి, అంటే కార్నర్, ఫ్రీ కిక్ వంటి ఆగిన బంతుల గురించి, ఎక్కువ రాయను. తొలి రోజు వాట్‌ఫోర్డ్‌లో ఇచ్చిన మూడింట రెండు కార్నర్ల నుంచి, జనవరిలో స్వాన్సీలో ఓడించిన ఏకైక గోల్ కార్నర్ నుంచి, వెస్ట్ బ్రామ్ కొట్టిన రెండూ సెట్ పీస్‌ల నుంచి వచ్చాయి. గాలిలో బంతిని గెలిచే పొడగరి సెంటర్ బ్యాక్ వస్తే ఇందులో కొంత తగ్గుతుందని ఎవరైనా చెప్పగలరు.

ఆ పొడగరి వచ్చాడు కూడా. వర్జిల్ వాన్ డైక్‌ను 7.5 కోట్ల పౌండ్లకు సౌతాంప్టన్ నుంచి తెచ్చుకున్నారు. డిఫెండర్లలో అప్పటికి అది ప్రపంచ రికార్డు. 2018 జనవరి నుంచి ఆయన జట్టులో ఉన్నాడు. ఈ కేసులో నేర్చుకునేవారిని నేను ఎక్కువసేపు నిలబెట్టేది ఇక్కడే. వాన్ డైక్ రాకతో డిఫెన్స్ బాగుపడిందన్నది అప్పటికే అందరి నోటా ఉన్న మాట. లెక్క చూద్దాం.

మొదటి తొమ్మిది మ్యాచ్‌లలో, అంటే వెంబ్లీ ఓటమి వరకు, 16 గోల్స్ పడ్డాయి. పదో మ్యాచ్ నుంచి జనవరి 1న బర్న్‌లీతో ఆడిన ఇరవై రెండో మ్యాచ్ దాకా, వాన్ డైక్ లేకుండానే, 13 మ్యాచ్‌లలో పడినవి 9. అంటే మ్యాచ్‌కు 0.69. ఆ తర్వాతి 16 మ్యాచ్‌లలో పడినవి 13. అందులో వాన్ డైక్ ఆడని రెండు మ్యాచ్‌లను తీసేస్తే, ఆయన ఆడిన 14లో పడినవి 10, అంటే 0.71. మెరుగుదల ఆయన రావడానికి రెండు నెలల ముందే మొదలైంది, ఆయన వచ్చాక ఆ రేటు కదలలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పదీ పన్నెండు గోల్స్ ఉన్న నమూనాలో మూడు గోల్స్ అటూ ఇటూ కావడం కేవలం అదృష్టంతోనూ జరుగుతుంది, కాబట్టి 0.69, 0.71 మధ్య తేడాను చదవడం వృథా. రెండోది, ప్రత్యర్థులు ఒకటి కాదు. పదో మ్యాచ్ నుంచి ఇరవై రెండో మ్యాచ్ వరకు ఎదురైన పెద్ద జట్లు చెల్సీ, ఆర్సెనల్ మాత్రమే. ఆ తర్వాత సిటీ, టోటెన్‌హామ్, యునైటెడ్, చెల్సీ వచ్చాయి. పెద్ద జట్లను పక్కన పెడితే మొదటి కాలంలో 11 మ్యాచ్‌లలో 5 గోల్స్, రెండో కాలంలో 12 మ్యాచ్‌లలో 5. ఎలా తిప్పినా ఫలితం ఒక్కటే. వాన్ డైక్ వల్ల లాభం లేదని ఇది చెప్పదు. ఆ వసంతకాలపు గోల్స్ పట్టికలో ఆ లాభాన్ని చూపించలేమని మాత్రమే చెబుతుంది. చూడాలంటే వీడియోలోనే చూడాలి: లైన్ ఎన్ని గజాలు ముందుకు జరిగింది, పొడవైన బంతికి మొదటి తల ఎవరిది, పక్కనున్న సెంటర్ బ్యాక్ తన చోటు వదిలి వెళ్లవలసిన అవసరం ఎంత తగ్గింది. ఈ మూడింటిలోనూ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

మరి శరత్కాలంలో వచ్చిన మెరుగుదలకు కారణమేమిటి? నాకు కనిపించిన సమాధానం ఫుల్ బ్యాక్‌లలో ఉంది. నథానియల్ క్లైన్ వెన్ను గాయంతో సీజన్‌లో చాలాభాగం దూరమైనందున కుడివైపు జో గోమెజ్, ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ పంచుకున్నారు. గోమెజ్ స్వతహాగా సెంటర్ బ్యాక్ కనుక ముందుకు వెళ్లడంలో పొదుపరి. ఎడమవైపు డిసెంబర్ మొదట్లో అల్బెర్టో మోరెనో గాయపడటంతో ఆండ్రూ రాబర్ట్‌సన్‌కు చోటు దక్కి, తర్వాత అది అతనిదే అయింది. 2017 వేసవిలో హల్ సిటీ నుంచి తెచ్చుకున్నప్పుడు అతనికి చెల్లించిన మొదటి ధర 80 లక్షల పౌండ్లు. ఏ ఆర్భాటమూ లేని ఈ కొనుగోలుకు, నా దృష్టిలో, ఆ ఏడాది డిఫెన్స్‌లో దక్కవలసినంత పేరు దక్కలేదు. ముందుకు వెళ్లినంత వేగంగానూ వెనక్కి రాగలగడమే అతని గుణం.

గోల్‌కీపర్ సంగతి సున్నితమైనది. లీగ్‌లో సిమోన్ మిన్యోలె 19, లోరిస్ కారియుస్ 19 మ్యాచ్‌లు ఆడారు. సీజన్‌ను సరిగ్గా రెండుగా పంచుకోవడమే ఒక నిర్ధారణ. ఏ కోచ్ కూడా నమ్మకం ఉన్న గోల్‌కీపర్‌ను అలా పంచడు. మే 26న కీవ్‌లో రియల్ మాడ్రిడ్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ 3-1తో పోయింది. అందులో రెండు గోల్స్ కారియుస్ పొరపాట్ల నుంచి వచ్చాయి. ఆ మ్యాచ్‌లో తలకు తగిలిన దెబ్బతో ఆయనకు కంకషన్ (మెదడుకు కుదుపు) అయిందని తర్వాత వైద్యులు తేల్చారు. నివేదిక రాసేవాడు ఆ ఒక్క రాత్రిని బట్టి ఏ తీర్మానమూ చేయకూడదు. కీవ్ లేకపోయినా గోల్‌కీపర్ వరుసలో నేను ఎర్ర గుర్తే పెట్టేవాడిని, ఎందుకంటే ఇంత ముందుకు జరిగి నిలిచే లైన్‌కు వెనుక ఖాళీని ఊడ్చగల కీపర్ కావాలి, బంతి కాళ్ల దగ్గరకు వస్తే తొణకని వాడు కావాలి.

జూలైలో రోమా నుంచి 6.5 కోట్ల పౌండ్లకు పైబడిన ధరకు అలిసన్ వచ్చాడు. గోల్‌కీపర్‌కు అప్పటికి ప్రపంచ రికార్డు అది. తమాషా ఏమిటంటే, మూడు నెలల ముందు ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో లివర్‌పూల్ ఇతని మీదనే రెండు మ్యాచ్‌లలో ఏడు గోల్స్ కొట్టింది. సమర్పించుకున్న గోల్స్ సంఖ్యతో కీపర్‌ను తూచేవాడికి ఈ కొనుగోలు పిచ్చిపనిలా కనబడాలి. ఆ రెండు మ్యాచ్‌లను మళ్లీ చూస్తే, అందులో ఎన్నింటికి ఏ కీపరైనా ఏం చేయగలిగేవాడన్నదే ప్రశ్న.

మిడ్‌ఫీల్డ్‌లో ఎమ్రె జాన్ యువెంటస్‌కు వెళ్లిపోగా, మొనాకో నుంచి ఫాబిన్యో, లైప్‌జిగ్ నుంచి నాబీ కైటా వచ్చారు. పైన చెప్పిన ఆ ఒక్క పాస్‌ను అడ్డుకునే స్థానం ఫాబిన్యోది. అందుకే నా లెక్కలో ఆ వేసవిలో డిఫెన్స్‌కు సంబంధించిన కొనుగోళ్లలో రెండో ముఖ్యమైనది అతనిది.

ఆగస్టు 9 నాటి తీర్పు ఇలా వస్తుంది. ఆన్‌ఫీల్డ్‌లో పెద్దగా బాగుపడటానికి చోటు లేదు, పది గోల్స్ దాదాపు అలాగే ఉంటాయి. మార్పంటూ వస్తే పెద్ద జట్ల మైదానాల్లో రావాలి. మూడు అంతకంటే ఎక్కువ గోల్స్ ఇచ్చే మ్యాచ్‌ల నష్టం సగానికి తగ్గుతుందని, మిగతావి కదలవని అనుకుంటే 20కి 9 కలిపి 29. నా స్థిర నియమం ఇదే: గుంపుగా పడిన వాటిని సగం చేస్తాను, చెదురుమదురుగా పడిన వాటిని ముట్టుకోను. ఫలితం తెలిశాక కట్టిన లెక్క కదా అని ఎవరైనా అనుమానిస్తే, నియమాన్ని ఈ కేసు కోసం మార్చలేదన్నదే నా సమాధానం. ఆందోళన కలిగించే వరుసలు మూడు. కుడివైపు పందొమ్మిదేళ్ల అలెగ్జాండర్-ఆర్నాల్డ్. వాన్ డైక్ పక్కన ఎవరన్నది తేలకపోవడం, ఎందుకంటే లోవ్రెన్ జూలై 15న క్రొయేషియా తరఫున ప్రపంచకప్ ఫైనల్ ఆడి ఆలస్యంగా తిరిగి వస్తున్నాడు, జోయెల్ మాటిప్, గోమెజ్ ఇద్దరూ గాయాలతో గత సీజన్‌ను ముందే ముగించినవారు. మూడోది ఈ సెంటర్ బ్యాక్‌లలో ఇద్దరు ఒకేసారి పడిపోతే ఏం చేస్తారన్నది.

ఇప్పుడు మిగిలిన పేజీలు తెరవవచ్చు. 2018-19లో లివర్‌పూల్ 22 గోల్స్ మాత్రమే ఇచ్చి, 97 పాయింట్లు సాధించి, సిటీ కంటే ఒక్క పాయింటు వెనుక నిలిచింది. ఆన్‌ఫీల్డ్‌లో పడినవి మళ్లీ సరిగ్గా 10. బయట 28 కాస్తా 12 అయ్యాయి. ఆ ఐదు పెద్ద జట్ల మైదానాల్లో 15 ఉన్న చోట 5, వాటితో పది మ్యాచ్‌లు కలిపి 21 ఉన్న చోట 8. మిగతా 28 మ్యాచ్‌లలో 17 ఉన్నవి 14 అయ్యాయి. తగ్గిన 16 గోల్స్‌లో 13 పెద్ద జట్ల మీదనే తగ్గాయి.

దిశ సరిగ్గా చెప్పిన నివేదిక పరిమాణంలో తప్పింది. ఏడు గోల్స్ ఎక్కువ అంచనా కట్టాను, ఎక్కడ తప్పానో కూడా స్పష్టమే. మూడు గోల్స్ ఇచ్చిన మ్యాచ్ ఆ సీజన్‌లో ఒక్కటే, జనవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌పై 4-3తో గెలిచినది. కూలిపోయే మ్యాచ్‌లు సగం కాలేదు, దాదాపు మాయమయ్యాయి. తక్కిన 37 మ్యాచ్‌లలో 19 గోల్స్ పడ్డాయి. ముందటి ఏడాది 33లో 20 పడ్డాయి కదా, ఆ రేటు కొద్దిగానే మెరుగైంది. గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్ మూడూ ఒకేసారి బాగుపడినప్పుడు కూలడం మూడింతల కంటే ఎక్కువగా తగ్గవచ్చని నా నియమంలో లేదు. ఆ తర్వాత నియమాన్ని సవరించాను.

ఆందోళనల్లోనూ ఒకటి తలకిందులైంది. అలెగ్జాండర్-ఆర్నాల్డ్ ఆ సీజన్‌లో 12 గోల్స్‌కు పాస్‌లు అందించాడు. ఒక ప్రీమియర్ లీగ్ సీజన్‌లో డిఫెండర్‌కు అప్పటికి అది రికార్డు. బలహీనతగా గుర్తించిన చోటు దాడికి మూలమైంది. నేను ఎంతో లెక్కపెట్టుకున్న ఫాబిన్యో అక్టోబర్ చివరి దాకా లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు, అయినా ఆ రెండు నెలలూ డిఫెన్స్ చెక్కుచెదరలేదు. అలిసన్ కూడా సెప్టెంబర్ 1న లెస్టర్‌లో కాళ్ల దగ్గరి బంతితో చమత్కారం చేయబోయి గోల్ ఇచ్చాడు, తర్వాత 21 క్లీన్ షీట్లతో, అంటే గోల్ ఇవ్వని మ్యాచ్‌లతో, లీగ్‌లో వాటిని ఎక్కువ సాధించిన కీపర్‌కు ఇచ్చే గోల్డెన్ గ్లోవ్ అందుకున్నాడు.

మూడో వరుస ఆ ఏడాది పూర్తి పరీక్షకు రాలేదు. డిసెంబర్ 5న బర్న్‌లీలో గోమెజ్ కాలు విరిగింది, కొద్ది రోజులకే మాటిప్ కూడా గాయపడి కొన్ని వారాలు దూరమయ్యాడు, అయినా వాన్ డైక్ 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడాడు. 2020 అక్టోబర్ 17న ఎవర్టన్ మైదానంలో వాన్ డైక్ మోకాలు దెబ్బతింది. నవంబర్‌లో గోమెజ్, జనవరి చివర్లో మాటిప్ అదే దారి పట్టారు. మిడ్‌ఫీల్డర్లను సెంటర్ బ్యాక్‌లుగా నిలబెట్టి ఆడిన ఆ 2020-21 సీజన్‌లో లివర్‌పూల్ 42 గోల్స్ సమర్పించుకుంది.